ఎగ్బర్ట్ తెచ్చిన కేకు

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఉపగ్రహాల దారులు లెక్కగట్టే గదిలో, కంప్యూటర్ చెప్పిన అంకెను ఎగ్బర్ట్ ఒక పట్టాన నమ్మడు. పెన్సిల్ చెక్కి, నాలుక కొస పళ్ల మధ్య బిగించి, కాగితం మీద మళ్లీ లెక్కేస్తాడు. అక్కడ లెక్క తప్పినవాళ్లు మర్నాడు ఇంట్లో చేసిన కేకు తేవాలి. పంతొమ్మిదేళ్లుగా అతను తినడమే తప్ప తెచ్చింది లేదు. ఆ గర్వం అతని నడకలోనే తెలుస్తుంది.

నిన్న ఉపగ్రహం వేగం తగ్గించాల్సిన చోట పెంచమని రాశాడు. ఆజ్ఞ పంపేముందు తనే చూసుకుని, ఎవరి కంటా పడకుండా చెరిపేశాడు. రబ్బరు పొట్టు ఊదేశాడు గానీ మనసు ఊరుకోలేదు. ఈ ఉదయం బల్ల మీద ప్లమ్‌పళ్ల కేకు పెట్టి, "నిన్న తప్పు రాశాను, మీరెవరూ చూడలేదు" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పక్క సీటు వీబ్కె ఒక ముక్క నోట్లో వేసుకుంది. "ఇంత బాగా చేస్తారని తెలిస్తే, మీ లెక్కల్లో తప్పులు మేమే దూర్చేవాళ్లం కదండీ" అంది.