ఎర్రపట్టు గొడుగు

హాంకాంగ్‌లో ప్లేగు తగ్గిన ఏడాది, బట్టలు కుట్టుకు బతికే లాయ్ ముసలమ్మ దగ్గరికి దుబాసీ యిక్‌చొంగ్ ఎర్రపట్టు గొడుగొకటి పట్టుకొచ్చాడు.

"అత్తా, విట్‌కోంబ్ దొరగారు ప్లేగులో జీతానికి మించి చాకిరీ చేశారు కదా. పతకం కోసం లండన్‌కి అర్జీ పెడుతున్నారు. జనం మెచ్చుకున్నట్టు దీనిమీద మన వీధివాళ్ల పేర్లన్నీ కుట్టిపెట్టు. నీది కూడా."

ముసలమ్మకి ఎక్కడో తేడా కొట్టింది. ప్లేగని చెప్పి ఆమె మంచాన్ని నడివీధిలో తగలబెట్టించింది ఆ దొరే.

"ఇలాంటి గొడుగు ఊరొదిలి పోయే అధికారికి కదరా ఇస్తాం! ఎప్పుడు పోతున్నాడేమిటి?"

"పోవడమా? పతకమొస్తే ఇక్కడే ఇంకా పెద్ద పదవి ఇస్తారు."

ముసలమ్మ గొడుగు ముడిచి అతని చేతిలో పెట్టేసింది.

"ఓడెక్కేనాడు పట్రా. దారం కూడా నాదే వేసి కుడతాను."