అన్ని మానిటర్లలోనూ అదే చుక్క

షాపులో అందరూ ఆయన్ని డేగకన్ను అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ కంప్యూటర్ షాపులో ఆయనకి ఒకటే పని. కొత్త మానిటర్ ఏదైనా సరే, డబ్బాలోంచి తీసి, తెర నిండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు వేసి, వెలగని చుక్క ఒక్కటీ లేదని చూశాకే గడప దాటనిస్తాడు. ఆవగింజలో అరవయ్యో వంతున్నా పట్టేస్తాడు. అందుకు ఆయనకి కాస్త గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు!

అలాంటి మనిషికి మూడు వారాలుగా కంటి మీద కునుకు లేదు. ఏ మానిటర్ పెట్టినా చుక్క కనిపిస్తోంది. అదీ ఒకేచోట, మధ్యకి కాస్త కుడిపక్కన, కిందుగా. పదకొండు వెనక్కి పంపాడు. కంపెనీవాళ్ళు పరీక్షించి, అన్నీ బాగానే ఉన్నాయని తిప్పి పంపారు. వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాడు. మానిటర్‌లో చుక్కైతే కదలకూడదు, ఇదేమో చూపు వెంట జరుగుతోంది. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టంలేక, కళ్ళు కదపకుండా చూడటం అలవాటు చేసుకున్నాడు. ఆయన తండ్రికి చూపు పోయింది కూడా ఇలాగే, ఒక చుక్కతో మొదలై.

ఆ మధ్యాహ్నం అక్క కూతురు వచ్చింది.

"మావయ్యా, పగలంతా ఇంటి నుంచే ఆఫీసు పని, సాయంత్రం కాసేపు గేమ్స్. రెండిటికీ పనికొచ్చేది కావాలి. ఖరీదు మాత్రం తక్కువుండాలి."

"డబ్బా మీద అంకెలు చూసి బోల్తా పడకు. రోజంతా అక్షరాలు చదివేదానివి, ఐపీఎస్ పానెల్ తీసుకో, పక్క నుంచి చూసినా రంగు మారదు. ఆటకి తెర మీద బొమ్మ మారే వేగం నూట ఇరవై హెర్ట్జ్ దాటితే చాలు, ఆపైన పెట్టేదంతా బూడిదలో పోసిన పన్నీరే. స్టాండ్ పైకీ కిందికీ జరగాలి. లేకపోతే నీ మెడ నన్ను తిట్టుకుంటుంది."

ఇరవై నాలుగంగుళాలది ఒకటి తీసి తెల్లరంగు వేశాడు. చుక్క ఉంది. "ఇందులో చుక్కుంది," అంటూ పక్కన పెట్టాడు. రెండోదీ అంతే. మూడోదానిలో చుక్క రేగ్గింజంత అయింది.

"ఎక్కడ మావయ్యా? నాకేం కనపడట్లేదే!"

"కళ్ళజోడు మార్పించుకో అమ్మాయ్," అని నవ్వబోయాడు.

"ఇక్కడేనా?" అంటూ ఆమె తెర మీద ఓ మూల వేలు పెట్టింది.

ఆయన చూపు వేలి మీదికి వెళ్ళింది. చుక్క కూడా వెళ్ళింది. ఇంకో మూల పెట్టింది. అక్కడికీ వచ్చింది. ఇక తనని తాను మభ్యపెట్టుకోవడానికి దారి దొరకలేదు.

కుర్చీ వదిలి లేచాడు. "నువ్వు కూర్చో. రంగులు నేను మారుస్తాను, తెర నువ్వు చూడు."

ఆమె పైనుంచి కింది దాకా ఓపిగ్గా చూసింది. "ఏమీ లేదు మావయ్యా, శుభ్రంగా ఉంది."

"సరిగ్గా చూశావా?"

"ఒట్టు."

"అయితే ఇదే తీసుకెళ్ళు." మానిటర్‌ని తిరిగి డబ్బాలో పెట్టాడు.

"డేగకన్ను ఉద్యోగం నాకిచ్చేశావేంటి?" అని ఆమె పకపకా నవ్వింది.

మేనకోడలి కళ్ళలోకి చూశాడు. చుక్క ఆమె పెదవుల మీద కూర్చుంది. నవ్వు వినిపిస్తోంది, కనిపించడం లేదు.

"రేపు నన్ను కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తావా తల్లీ?" అన్నాడు. "ఒక్కణ్ణే వెళ్ళాలంటే భయంగా ఉంది."