పప్పు ఉడికే నీళ్ళు

సోమందేపల్లి దగ్గర మా ఊళ్ళో రెండు బోరింగులుండేవి. మా ఇంటి ముందున్న బోరింగు నీళ్ళలో కందిపప్పు మెత్తగా ఉడికేది, సబ్బు బాగా నురగొచ్చేది, టీ రుచిగా ఉండేది. రోడ్డు పక్క బోరింగు నీళ్ళు ఉప్పన. పప్పు ఎంతసేపు ఉడికినా పలుకు పోయేది కాదు. ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే మా మామ వచ్చినప్పుడల్లా, మా నీళ్ళుంటే రంగు ఎంత బాగా పట్టేదో అని ఈర్ష్యపడేవాడు.

హిందూపురంలో కెమిస్ట్రీ చదివి, తొంభైల చివర పెనుకొండలో నీళ్ళు పరీక్షించే ల్యాబులో చేరాను. మందు చుక్కలు వేస్తే ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్ళు గులాబీ రంగులో ఉంటాయి, ఎక్కువుంటే పసుపవుతాయి. రోడ్డు బోరింగు నీళ్ళు గులాబీగానే ఉన్నాయి. మావి పసుపయ్యాయి. సున్నం తక్కువున్న నీళ్ళలో పప్పు ఉడుకుతుంది. ఆ నీళ్ళలోనే పళ్ళనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడూ కరిగి నిలుస్తుంది.

అవ్వ మెడ అప్పటికే బిగుసుకుపోయింది. పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది. వయసనుకున్నాం. పళ్ళ మీది గోధుమరంగు చారలు అవ్వకే కాదు, ఊళ్ళో చాలామందికి ఉండేవి కాబట్టి వాటిని ఎవరూ జబ్బనుకోలేదు. నా భయం మా అన్న కూతురి గురించి. రెండేళ్ళ పిల్ల. పాలపళ్ళ తర్వాత వచ్చే అసలు పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యే వయసు.

ఈ నీళ్ళు తాగకూడదన్న గుర్తుగా మా బోరింగుకు ఎర్రరంగు పూశారు.

“ఏమప్పా, బోరింగుకు కుంకుమ పెట్టించినావా?” అంది అవ్వ. “ఇంగ టెంకాయ కొట్టు.”

వదిన మాత్రం మర్నాటి నుంచి రోడ్డు నీళ్ళే మోసుకొచ్చి వండింది. కట్టెలు రెట్టింపు కాలాయి. నాయన కంచం పక్కకు జరిపాడు.

“ఇది పప్పా, గులకరాళ్ళా? నా పండ్లు రాలగొట్టాలనా?”

వంటసోడా చిటికెడు వేయమన్నాను. సబ్బు వాసనంది అవ్వ. వారం తిరక్కుండానే వంట పాత నీళ్ళకు వచ్చింది. పిల్ల తాగడానికి మాత్రం వదిన వేరే బిందె పెట్టింది.

“బువ్వలోనూ అదే పోతాది కదా వదినా” అన్నాను.

“నేనేం చేసేది? మీ నాయనకు నువ్వే చెప్పు.”

చెప్పాను. “కాగిన నీళ్ళకు ఏమైతాదిరా” అన్నాడు. కాగితే నీళ్ళే ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ మిగులుతుందన్నాను. వినలేదు. పిల్ల రోజూ ఆ నీళ్ళ సంగటిలో ఆ నీళ్ళ పప్పు కలుపుకుని తిని పెరిగింది.

ఒకటో తరగతిలో ముందరి పాలపన్ను ఊడి కొత్తది వచ్చింది. అవ్వ వంగలేదు కాబట్టి పిల్ల రోటి మీదికెక్కి నోరు తెరిచింది. అవ్వ చాలాసేపు చూసింది. వేలితో తుడిచి మళ్ళీ చూసింది.

“అచ్చం నా పన్నే వచ్చిండాది” అంది.

అవ్వ మనిషి మొత్తం వదిన వైపు తిరిగింది.

“ఇంగ ఆ రోడ్డు నీళ్ళతోనే వండమ్మా. ఉడకపోతే పోనీ.” తర్వాత నన్నడిగింది: “మిగిలిన పండ్లన్నా తెల్లగా వస్తాయేమప్పా?”

అవి లోపల ఎప్పుడో తయారై ఉంటాయి. ఎముకలకైనా మంచిదవ్వా, అన్నాను.

ఆ మధ్యాహ్నం పప్పు పలుకుగానే ఉంది. నాయన కంచం జరపకుండా తిన్నాడు.