ఆవిడ ఎక్కే వైపు

మా ఆవిడ నడిపే మినీ ట్రక్కుకి రంగు వెలిసిపోయిందన్న సంగతి ఎవరో పరాయివాడు చెబితే నాకు తెలిసింది. సినిమా సెట్లకి ముప్పై ఏళ్ళు రంగులు వేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నవాణ్ణి. రంగు గురించి నాకొకడు చెప్పడమా? అక్కడే ఒళ్ళు మండింది.

ఆవిడ ఇంట్లో వండి, క్యారియర్లు ఆ ట్రక్కులో పెట్టుకుని ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసుకి రోజూ మధ్యాహ్నం భోజనాలు తీసుకెళుతుంది. నేను పని మానేశాక ఇల్లు నడుస్తున్నది ఆ భోజనాల మీదే. ఆ ఆఫీసులో కొత్తగా చేరిన మేనేజరు మేడమీద కిటికీలోంచి ట్రక్కుని చూశాడట. "అమ్మా, వంట సూపర్. కానీ పెద్దవాళ్ళ కార్లు ఆగే చోట ఇలాంటి బండి నిలబడితే బాగోదండీ. సోమవారానికల్లా కాస్త నీట్‌గా చేయించండి. లేదంటే వేరేవాళ్ళని చూసుకుంటాం" అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, ఆవిడ ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. మర్నాటి వంటకి ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది. తిట్టి ఉంటే నాకంత భయం వేసేది కాదు.

బండిని షేక్‌పేటలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడి పెయింటర్ చుట్టూ తిరిగి చూసి, "గిది మొత్తం గీకి కొట్టాలె అన్నా. వారం దినాలు బండి గీడనే ఉంటది. జర ఖర్చయితది" అన్నాడు. ఆ జర మా తాహతుకి మించింది. పైగా వారం రోజులు బండి లేకపోతే భోజనాలు ఎవరు మోస్తారు? వెనక్కి తిప్పుకొచ్చేశాను.

కింద వాటావాళ్ళాయన కిరోసిన్ గుడ్డతో తుడవమన్నాడు. తుడిచాను. సాయంత్రానికి పెళ్ళికొడుకులా మెరిసింది. తెల్లారేసరికి జూబ్లీహిల్స్ దుమ్మంతా వచ్చి దానికే అతుక్కుంది. ఊళ్ళో వాళ్ళ సలహాలు వింటే ఇంతే మరి.

శని, ఆదివారాలు ఆ ఆఫీసుకి సెలవు. శనివారం పొద్దున్నే షాంపూ నీళ్ళతో కడిగి, బండిని నీడకి లాగాను. ఆరాక వేలితో రాస్తే తెల్లగా పిండిలా అంటుకుంది. ప్రాణం లేచొచ్చింది. చచ్చింది పైపొరే, లోపల నీలం బతికే ఉంది. పైపొరని అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా ఒకటి, మైనం పాలిష్ ఒకటి తెచ్చి, నా పాత బనీన్లు చింపాను. ముందు చక్రం వెనకాల, ఎవరికీ కనబడని చోట కొంచెం రుద్ది చూశాను. గుడ్డ నీలంగా మారేసరికి ఉన్న రంగు కూడా ఊడిపోతోందని కంగారుపడ్డాను కానీ, వస్తున్నది ఆ చచ్చిన పొరే. ఇక అరచెయ్యంత మేర చొప్పున, నెమ్మదిగా, గుండ్రంగా రుద్దుకుంటూ పోయాను. అంచుల దగ్గర రంగు పలచగా ఉంటుంది, అక్కడ చెయ్యి తేలిగ్గా ఆనించాలి. ఆ పైన మైనం పూసి, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచాను. అబ్బ, ఏం నీలం! కొన్ననాడు కూడా అంత బాగుందో లేదో.

ఆదివారం పొద్దు గూకేసరికి ఎడమవైపూ ముందు భాగమూ పూర్తయ్యాయి. భుజాలు నావి కావు. కుడివైపు వదిలేశాను. అందులో తప్పేం కనబడలేదు నాకు. సెట్టులో రాజుగారి మహలైనా కెమెరాకి కనబడే వైపే రంగు, వెనకంతా ఉత్త చెక్కలూ మేకులే. ఆఫీసు ముందు బండి ఆగితే కిటికీకి కనబడేది ఎడమవైపు.

సోమవారం నేనూ పక్కన కూర్చుని వెళ్ళాను. ఎక్కడ ఆపాలో, ఎటు తిప్పాలో నేనే చెప్పాను. మేనేజరు కిటికీలోంచి తొంగిచూసి, "అరే, కొత్త పెయింటాండీ? సూపర్! ఇక ఇబ్బందేం లేదు, భోజనాలు మీవే" అని అరిచాడు. తిరుగుదారి పొడుగునా నా గొప్పలు నేనే చెప్పుకున్నాను. ఆవిడ నవ్వుతూ వింది.

ఇంటిముందు ఆపాక నేను ఇటు దిగాను, ఆవిడ అటు దిగింది. ఎంతకీ ఇటు రాకపోతే నేనే చుట్టూ తిరిగి వెళ్ళాను. తన తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"పైన పటారం, లోన లొటారం అన్నట్టుందండీ" అంది.

"ఇటువైపు ఎవరు చూస్తారే?"

"నేనెక్కేది ఇటే కదా. రోజూ నేను చూడనా?"

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ నాలుగు అనేవాణ్ణి.

మర్నాడు ఆవిడ భోజనాలిచ్చి రాగానే కుడివైపు మొదలుపెట్టాను. ఆవిడ తలుపు మీద, కిటికీ అంచు కింద, అరచెయ్యంత మేర రంగే లేదు. రేకు తేలిపోయి నున్నగా మెరుస్తోంది. ఎండ పని కాదది. సిగ్నల్ పడినప్పుడల్లా ఆవిడ మోచెయ్యి ఆనించుకునే చోటు. ఇన్నేళ్ళలో, మొన్న బండి కడిగినప్పుడు కూడా, ఆ చోటు పట్టించుకోని నా మీద నాకే అసహ్యం వేసింది.

దానికి ఏ పాలిషూ పనికిరాదు. గరుకు కాగితంతో రుద్ది, ఎర్ర ప్రైమర్ పూసి, శ్రీనగర్ కాలనీ నుంచి చిన్న డబ్బాలు తెచ్చి నీలాలు కలిపాను. ఏ మహలు గోడకీ అంత సేపు కలపలేదు. మూడోసారికి గాని ఆ నీలం ఈ నీలంలో కలిసిపోలేదు.

"రెండు రోజులు చెయ్యి ఆనించకు, ఆరాలి" అన్నాను. నాలుగో రోజు పక్కన కూర్చుని వెళుతుంటే చూశాను. సిగ్నల్ దగ్గర మోచెయ్యి పైకెత్తి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఆరిపోయిందిగా, పెట్టుకో."

"వద్దండీ. అంత కష్టపడి వేశారు, మళ్ళీ పోతుంది."

"పోనీవే. పోతే మళ్ళీ వేస్తాను" అన్నాను.