సరంగు లేకుండా ముందొచ్చిన గుర్రం

నాకు పోర్ట్‌బ్లెయిర్‌లో కొత్తగా గుమాస్తా ఉద్యోగం వచ్చిన ఆ కాలంలో, మనుషుల కష్టాలన్నీ ఓడ టికెట్ దొరక్కపోవడంతోనే మొదలవుతాయని గట్టిగా నమ్మేవాణ్ణి. దొరికాక మొదలయ్యే కష్టాలూ ఉంటాయని మా మేనమావని చెన్నై తీసుకెళ్లినప్పుడు తెలిసింది. మేముండే డిగ్నాబాద్ పేటలో ఆయన్ని అందరూ మైకు మావ అనేవారు. చేపల పడవకి సరంగు, అంటే పడవ నడిపే పెద్ద. జెట్టీ మీద నిలబడి ఒక కేక వేస్తే దూరాన నీళ్ల మీదున్న వాళ్లు కూడా వెనక్కి తిరిగి చూసేవారు. (ఆయన మా ఇంట్లో ఉన్నంతసేపూ మా అమ్మ రేడియో కట్టేసేది. కరెంటు దండగని.) అలాంటి గొంతు మొదట బొంగురుపోయింది, తర్వాత గరగరలాడింది, చివరికి చిల్లుపడిన గొట్టంలోంచి గాలి పోతున్నట్టయింది. ఇక్కడి ఆసుపత్రిలో చూసి చెన్నై వెళ్లమని రాశారు. అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ అయ్యాక, లోపలున్నది మంచి గడ్డ కాదనీ, స్వరపేటిక మొత్తం తీసేస్తే మాట పోయినా మనిషి దక్కుతాడనీ చెప్పింది. తియ్యకపోతే ఏమవుతుందో మేము అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

లాడ్జి గదికి వచ్చాక మావ మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు. ఆసుపత్రిలో చేరాల్సిన రోజు దగ్గరకొచ్చింది. ముందురోజు పొద్దున్నే లేచి, నున్నగా గెడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, "పదరా అల్లుడా, గుర్రాల పందేనికి ఎల్దాం" అన్నాడు. ఆయనకి పందేలంటే ప్రాణమని నాకు తెలుసు. ఏ ఓడ ముందొస్తుంది, ఈ సాయంత్రం వాన పడుతుందా పడదా, పెళ్లిలో మటన్ సరిపోతుందా సరిపోదా, దేనిమీదైనా సరే టీకీ బీడీకీ పందెం కాసేవాడు. పోనీలే, మనసు తేలికపడుతుందని బయల్దేరదీశాను. మా ఇద్దరికీ గుర్రాన్ని దగ్గర్నుంచి చూడడం అదే మొదలు. మా దీవుల్లో దుంగలు లాగే ఏనుగుల్ని చూశాం, కాలవల్లో మొసళ్లని చూశాం. గుర్రం మాత్రం పెళ్లికొడుకుల ఫోటోల్లోనే.

పందేనికి ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపించే చోట మావ కటకటాలు పట్టుకుని, అమ్మకానికొచ్చిన పడవల్ని చూసినట్టు ఒక్కోదాన్నీ కిందనుంచి పైకి చూశాడు. చివరికి ఒక బూడిదరంగు గుర్రం దగ్గర ఆగాడు. "దీని పక్కలు సూడు. ఎంత కెరటమొచ్చినా ఇది ఒరగదు. పక్కా." నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఇన్రా. ఇది గెలిస్తే రేపు ఆ డాక్టరమ్మ కత్తి కింద మెడ పెడతాను. ఓడిపోతే మనం ఇంటికెళ్లిపోదాం. బస్, ఖతం."

"ఇదేటి మావా! గుర్రానికీ నీ గొంతుకీ ఏటి సంబంధం?"

"డాక్టరమ్మకి మాత్రం ఏటి సంబంధంరా? ఆవిడ సూసి సెప్పింది. ఇది పరిగెట్టి సెప్తాది."

వెళ్లి టికెట్ కొన్నాను. చుట్టూ పెన్సిళ్లు చెవికి పెట్టుకుని, కాయితాలు తిరగేస్తూ, ఇల్లూ వాకిలీ ఒడ్డినవాళ్లలా మొహాలు పెట్టుకున్న వాళ్లే. వాళ్లందర్నీ చూసి నాకు అసూయ వేసింది. వాళ్లకి పోయేది డబ్బే కదా! క్యూలో నా వెనకున్న పెద్దమనిషి నేను అడిగిన గుర్రం పేరు విని, చావు కబురు చెప్పడానికి వచ్చినవాడిలా నా భుజం తట్టి, "మంచి గుర్రమే తంబీ, దానికి బుద్ధి పుడితే" అన్నాడు.

పందెం మొదలైంది. గుర్రాలు బయటికి దూకాయి. దూకడం దూకడమే మా బూడిదరంగుది పక్కకి ఒక్క గెంతు గెంతింది. దాని మీదున్న మనిషి గాల్లోకి లేచి, గడ్డిలో దొర్లాడు. నా గుండె ఆగిపోయింది. గుర్రం ఆగలేదు! వీపు మీద బరువు తగ్గిన సంతోషమో ఏమో, ఒక్కోదాన్నే దాటుకుంటూ ముందుకొచ్చేసింది. నేను బల్ల ఎక్కాను. తెలుగులో అరిచాను, హిందీలో అరిచాను, ఏ భాషా కాని కేకలు పెట్టాను. నిండా ఇరవయ్యేళ్లు దాటినవాణ్ణి, చెన్నై నగరంలో నలుగురి మధ్య ఒక గుర్రాన్ని "తల్లీ, తల్లీ" అని బతిమాలాను. (అది మగదని తర్వాత తెలిసింది.) అన్నిటికన్నా ముందు అదే గీత దాటింది. నేను మావని కావలించుకుని గెంతుతుంటే, పక్కనున్నాయన తన టికెట్ చింపి పారేస్తూ, మనిషి లేకుండా వచ్చిన గుర్రం లెక్కలోకి రాదని చల్లగా చెప్పాడు.

"లెక్కేటి మావా, ముందొచ్చింది కదా! నువ్వు కాసింది గుర్రమ్మీదా, మనిషి మీదా?" అంటూ వాదనకి దిగాను. నా గొంతు అప్పటికే సగం పోయింది. మావ తల అడ్డంగా ఊపాడు. "సరంగు లేకుండా పడవొక్కటే ఒడ్డుకొస్తే గెలిచిందంటామేట్రా? మనిషి కోసం ఎతకడానికి ఎల్తాం."

కిందపడ్డ మనిషి కుంటుకుంటూ మా ముందు నుంచే వెళ్తున్నాడు. మావ కటకటాల మీదకి వంగి, "దెబ్బ తగిలిందేటి బాబూ?" అని కేకేశాడు. ఆ కేక పక్కనున్న నాకే సరిగా వినబడలేదు.

మర్నాడు లేచేసరికి నా గొంతు పూర్తిగా పడిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ లేదు. మావ సంచి సర్దేసి కూర్చున్నాడు. ముందు టిఫిన్, తర్వాత ఓడ టికెట్ల ఆఫీసు అన్నాడు. హోటల్లో కూర్చున్నాక సర్వరు వచ్చి నా మొహంలోకి చూశాడు. (మావ గరగర ఆ గోలలో వినబడదు, తమిళం కాస్త వచ్చినవాణ్ణీ నేనే. పోర్ట్‌బ్లెయిర్‌లో అన్ని భాషలూ వీధిలోనే అబ్బుతాయి.) అరచేతిలో గుండ్రంగా గీసి, రెండు వేళ్లు చూపించాను. పూరీలు తెచ్చాడు. కాదని, గుండ్రం చిన్నది చేసి, మెత్తగా ఉండాలని బుగ్గ నొక్కి చూపించాను. గులాబ్‌జామ్ తెచ్చాడు. ఈసారి లేచి నిలబడి, రెండు చేతులతో ఆవిరి పైకి లేపి, మూత తీసి, వేళ్లు కాలినట్టు ఊదుకున్నాను. పక్క బల్లవాళ్లు, గల్లాపెట్టె దగ్గరాయన, అందరూ తలో మాటా వేశారు. చివరికి ఒక ముసలమ్మ "ఇడ్లీ!" అని అరిచింది. హోటలంతా చప్పట్లు కొట్టింది. నేను పుట్టుమూగనని జాలిపడ్డ సర్వరు ఇడ్లీలతో పాటు ఒక వడ కూడా వేసి, నా తల నిమిరి వెళ్లాడు.

మావ నవ్వడం మొదలుపెట్టాడు. శబ్దం లేని నవ్వు. భుజాలు ఊగిపోతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. చాలాసేపు నవ్వి, కండువాతో మొహం తుడుచుకుని, నా పళ్లెంలోంచి వడ తుంచుకున్నాడు. "గొంతు లేనోడికి ఇడ్లీ ముక్క కూడా రాదనుకున్నాన్రా అల్లుడా," అన్నాడు గరగరగా. "వడ కూడా ఏసాడు." సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఆటో ఎక్కి ఆయనే ఆసుపత్రి పేరు చెప్పాడు. ఆయన నోట నాకు స్పష్టంగా వినబడ్డ చివరి మాట అదే. మర్నాడు ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే ఏదో అన్నాడు గానీ, తలుపు చప్పుడులో కలిసిపోయింది.

మావ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. మెడకి గుడ్డ చుట్టుకుని పడవెక్కేవాడు. చేతులతో తిట్టేవాడు. ఆ తిట్లు ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. ఇప్పుడు లేడు.

మొన్నామధ్య మా ఊళ్లోనే డెలానీపూర్‌లో టీ తాగుతుంటే, బెంచీ మీద ఒకాయన ఫోన్‌లో గుర్రప్పందెం చూస్తున్నాడు. ఏ దేశానిదో, ఏ గుర్రాలో తెలియదు. ఆయన భుజం మీదుగా తొంగిచూసి, అన్నిటికన్నా వెనకబడ్డదాన్ని చూసి ఉండబట్టలేక, "చలో బేటా, చలో!" అని అరిచేశాను. ఆయన ఉలిక్కిపడి తిరిగి, నా నెరిసిన జుట్టు చూసి మర్యాదగా, "అంకుల్, యే తో పురానా వీడియో హై" అన్నాడు, ఎప్పుడో అయిపోయిన పందెమని. సిగ్గేసి, అవునవునని తల ఊపాను. అయినా చేతిలో టీ చల్లారిపోతున్నా అక్కణ్ణించి కదల్లేదు. ఆయన ఫోన్ కాస్త నావైపు తిప్పి పట్టుకున్నాడు.