క్యాసెట్ తిరగేసేలోపు

నేను రాయబోయేది ఒక మహాగాథ. ఇందులో మృత్యువు ఉంది. కోటగుమ్మం లాంటి తలుపు ఉంది. ఆ తలుపు బయట ఊపిరి బిగబట్టి కాపలా కాసిన ముగ్గురు వీరులున్నారు. ఇలా మొదలుపెడితే గంభీరంగా ఉంటుందని అనుకున్నాను గానీ, నిజానికి ఇది క్యాసెట్ ఒక వైపు అయిపోయాక రెండో వైపు తిప్పేదాకా ఏం జరిగిందన్న ముచ్చట. వీరుల్లో ఒకడు అప్పటికింకా పక్క తడుపుతున్నాడు.

నిన్న మధ్యాహ్నం మా వంటింట్లో రైస్ కుక్కర్ మీట పైకి లేచి టక్‌మంది. అది రోజూ చేసే పనే. కానీ నిన్న సరిగ్గా అదే క్షణంలో, లోపలి గదిలో నాన్న ఫోన్‌లో వస్తున్న పాట ఆగిపోయింది. మధురానగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు, ఎండాకాలం, హాల్లో కూలర్ గడ్డి తడిసిన వాసన, ఒక టక్, దాని వెనక ఏమీ లేదు. నాన్నకు ఈ మధ్యే గుండెకు స్టెంట్ వేశారు. నా చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. నాకు ముప్పై దగ్గర పడుతోంది, ఉద్యోగం ఉంది, సొంతంగా పన్ను కడతాను. అయినా ఆ క్షణాన నాకు తొమ్మిదేళ్లు. తర్వాతేమైందో చెబుతాను. అంతకంటే ముందు నానమ్మ గురించి చెప్పాలి. ఆ టక్‌కి భయపడటం నేను ఆమె ఇంట్లోనే నేర్చుకున్నాను, భయపడ్డాక ఏం చేయాలో కూడా.

నానమ్మ పేరు శకుంతల. అమీర్‌పేట నుంచి బల్కంపేట వైపు పోయే ఒక గల్లీలో ఆమె ఇల్లు. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఆ గల్లీలో కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు చేతిలో కరపత్రం పెట్టి కంప్యూటర్ కోర్సులో చేర్పించేసేవారు. నానమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయింది. చదివింది ఉర్దూ మీడియంలో. దేవుడి పటాల పక్కనే టేప్‌రికార్డర్ ఉండేది. పొద్దున దుమ్ము తుడిచేటప్పుడు ఎవరి వంతు ముందో నేను చెప్పను. ఆమెకు గజళ్లంటే ప్రాణం. క్యాసెట్లు కొన్నవి కావు, రేడియోకు ఎదురుగా టేప్‌రికార్డర్ పెట్టి రికార్డు చేసినవి. అందుకని ఇంట్లోని చప్పుళ్లన్నీ వాటిలో పడ్డాయి. ఒక గజల్లో, గాయకుడు ఎవరి కోసమో దీపం పెట్టుకుని ఎదురుచూస్తూ గొంతు సన్నగా సాగదీసే చోట, వయసులో ఉన్న నానమ్మ వినిపిస్తుంది: "పాలు పొంగుతున్నయ్, జర సూడుండ్రి." అది తాతయ్యతో అన్న మాట. నేను పుట్టకముందే పోయిన తాతయ్య ఆ పాలు చూశాడో లేదో క్యాసెట్‌లో లేదు. ఆ మాట కూడా గజల్లోదేనని మేం చాలా ఏళ్లు నమ్మాం.

ఎండాకాలం సెలవులకు అమ్మా పెద్దమ్మలతో కలిసి పిల్లలం ముగ్గురం అక్కడే ఉండేవాళ్లం. నేను, పెదనాన్న కూతురు స్రవంతి అక్క, ఆమె తమ్ముడు చింటు. ఆ ఏడు సెలవులకు ముందే నానమ్మ గుండెకు స్టెంట్ వేశారు. ఒంటరిగా వదలొద్దన్నాడు డాక్టర్. నానమ్మేమో మధ్యాహ్నం అన్నం తిన్నాక గదిలోకి పోయి తలుపేసుకుని పాటలు వినే అలవాటు మానలేదు. ఎవరైనా లోపల కూర్చుంటామంటే ఒప్పుకోలేదు. "నేనేమన్న సర్కస్‌ల పులినా, కూసోని సూస్తానికి?" అంది. గొళ్లెం మాత్రం పెట్టనని మాటిచ్చింది.

అప్పుడు పెదనాన్న ఒక ఉపాయం ఆలోచించాడు. ఆయన ఒక ఆఫీసులో సూపరింటెండెంట్. ఏ ఆపదకైనా ఎవరికో ఒకరికి డ్యూటీ వేయడమే ఆయనకు తెలిసిన మందు. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టాడు. "పాట ఒస్తున్నంత సేపు ఫికర్ లేదు. ఒక దిక్కు అయిపోతె బటన్ టక్‌మంటది. నానమ్మ లేసి క్యాసెట్ తిప్పుతది. మళ్ల పాటొస్తది. రాలేదనుకో, పోయి తలుపు తియ్యాలె."

"కరెంటు పోతే?" అని అడిగింది స్రవంతి అక్క.

"కరెంటు పోతె కూలర్ సుత ఆగుతది గదా. కూలర్ తిరుగుతుండి, పాట రాకుంటెనే..."

ఆయన ఆ వాక్యం పూర్తి చేయలేదు. చేసి ఉంటే మేం అంత భయపడేవాళ్లం కాదు.

అలా ఆ వేసవంతా మేం కూలర్ ముందు క్యారమ్స్ ఆడుతూ చావుకు కాపలా కాశాం. పాట వస్తున్నంత సేపు కొట్టుకునేవాళ్లం, కాయిన్లు దొంగిలించుకునేవాళ్లం. టక్ వినపడగానే స్ట్రైకర్ మీది వేలు అలాగే బిగుసుకుపోయేది. కూలర్ మోటారు, దాని తొట్టిలోకి కారే నీళ్లు, రోడ్డు మీద ఆటో హారన్, వీటన్నిటి అడుగున ఆమె మంచం కిర్రుమంటుందేమోనని చెవులు పెట్టేవాళ్లం. కిర్రుమనేది. తర్వాత చెప్పుల చప్పుడు. క్యాసెట్ తీసి, తిప్పి, వేసిన చప్పుడు. సన్నగా గరగర, దాని వెనక సారంగి. అప్పుడు ఊపిరి వదిలేవాళ్లం. సంగీతం మీద నీకు అభిరుచి ఎలా కలిగిందని ఎవరైనా అడిగితే నాకు ఇబ్బందిగా ఉంటుంది. సారంగి వినపడిందంటే మా నానమ్మ బతికుందని అర్థం. ఇంతకు మించిన రసాస్వాదన నాకు చేతకాదు.

యముడు దున్నపోతు మీద వస్తాడని చింటుకు ఎవరో చెప్పారు. అందుకని పాట ఆగినప్పుడల్లా వాడు తలుపు వైపు కాకుండా కిటికీ వైపు చూసేవాడు. మేం వాణ్ని వెక్కిరించేవాళ్లం. వెక్కిరించాక మేమూ ఓసారి కిటికీ వైపు చూసేవాళ్లం.

ఒక రోజు టక్‌మంది. మంచం కిర్రుమనలేదు.

కూలర్ తిరుగుతోంది. అమ్మా పెద్దమ్మా మేడ మీద వడియాలు పెడుతున్నారు. స్రవంతి అక్క నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగాయి. తలుపు నాలుగడుగుల్లో ఉంది, అయినా ఎవరం కదల్లేదు. తలుపు తీయనంత సేపు ఆమె బతికే ఉంటుంది, తీస్తే తెలిసిపోతుంది. తొమ్మిదేళ్ల వయసులో నాకున్న తత్వజ్ఞానం అంతే, తర్వాత దానికి కొత్తగా కలిసిందేమీ లేదు. చింటు కిటికీ వైపు చూస్తూ, "ఒచ్చిండా?" అన్నాడు గొంతు రాకుండా.

నాకు ఏడుపొస్తోంది. నోరు తెరిస్తే అదే రావాలి. వేరేది వచ్చింది.

"ఎట్లొస్తడ్రా? గల్లీ మొత్తం కోచింగోళ్ల బండ్లే ఉన్నయ్. దున్నపోతుకు పార్కింగ్ ఏడ దొర్కుతది?"

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వు గదిలోంచి వచ్చింది.

ముందు తుమ్ము లాంటి చప్పుడు, తర్వాత దగ్గు, తర్వాత మంచం కిర్రుమనేంత నవ్వు. "రాండ్రి లోపటికి," అంది నానమ్మ. పోయి చూస్తే తలుపు వైపే తిరిగి పడుకుని ఉంది, కళ్లు విప్పార్చుకుని. చింటు ఆమె మీద పడి బోరుమన్నాడు. అక్కకు కోపమొచ్చింది.

"ఎందుకు తిప్పలేదు నానమ్మా? మా జాన్ పోయింది."

"సూద్దామని," అంది నానమ్మ. "తలుపు తీస్తానికి గింత సేపా? నేను నిజంగ పోయుంటె ఈపాటికి సల్లగయితుంటి."

ఆమె లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. "పాట ఆగంగనే మీరు నన్ను ఇంటున్నరని నాకెరుక లేదనుకున్నరా? నేను సుత మిమ్మల్ని ఇంటున్న. నౌకరంత చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోని బతికినదాన్ని. పాట ఒస్తుంటె లొల్లి లొల్లి చేస్తరు. టక్‌మనంగనే అందరి నోర్లు బంద్. హాల్ల ముగ్గురు పిల్లలుండి సప్పుడు లేదంటె నేనేమనుకోవాలె? నేను పోయిననో, మీరు పోయిండ్రో సమజే కాదు."

"నీకు సుత భయమైతదా?" అని అడిగాను. జోకు వేస్తుందనుకున్నాను.

"అయితది," అంది. "నొప్పి మొదాలు గిదే టైంల ఒచ్చింది. పాటుంటె మనసు దాని మీద ఉంటది. పాట ఆగినంక గుండె సప్పుడు ఇనొస్తది. గప్పుడే మీరు సుత సల్లగైతె ఎట్ల బిడ్డా? ఎక్స్ఛేంజిల లైన్ మీద ఎవ్వరు మాట్లాడకుంటె మేం కనెక్షన్ తీసేస్తుంటిమి. భయమైతె మాట్లాడుండ్రి. ఏదన్న మాట్లాడుండ్రి. గా దున్నపోతు ముచ్చటైనా సరే."

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు తలుపు తెరిచే ఉంది, మేం లోపలే ఉన్నాం. క్యాసెట్ తిప్పే పని వంతులవారీగా మాకొచ్చింది. టక్‌మనగానే గోల చేయాలన్నది నిబంధన. చింటు స్టీలు కంచం వాయించేవాడు. కోస్తా నుంచి వచ్చి పక్క హాస్టల్లో ఉంటున్న ఒక కుర్రాడు ఓ రోజు పిట్టగోడ దగ్గరికొచ్చి, "ఆంటీగారూ, రేపు ఎగ్జామ్ ఉందండీ. పాటలైతే పర్లేదు గానీ, మధ్యలో ఆ గోలేంటండీ?" అన్నాడు. నానమ్మ ఎంతో మర్యాదగా, "నేనింక ఉన్న గదా బాబూ, పిల్లలు అదే చెప్తున్నరు," అంది. అతను మళ్లీ రాలేదు. పరీక్ష ఏమైందో తెలియదు.

ఆమె ఒక్కో చరణం ఆపి మాకు అర్థం చెప్పేది. దీపం పెట్టుకుని ఎదురుచూసే పాట దగ్గర చింటుకు సందేహమొచ్చింది. "రాత్రంత కూసునుడెందుకు, ఫోన్ చేస్తె అయిపోతది గదా."

"గప్పుడు ట్రంక్ కాల్ బుక్ చేసి పూటంత కూసుంటుండె. లైన్ కలువకనే గిన్ని గజళ్లు పుట్టినయ్," అంది నానమ్మ. సాహిత్య విమర్శలో ఇంతకంటే ఒప్పుకోదగ్గ మాట నేను ఇప్పటిదాకా వినలేదు.

దాంతో మా భయం పోయిందని రాస్తే బాగుండేది. పోలేదు. నవ్వేటప్పుడు ఆమె చెయ్యి ఛాతీ మీదికి పోయేది, మేం నవ్వుతూనే ఆ చేతిని చూస్తుండేవాళ్లం. తలుపు తెరిచాక భయం తగ్గలేదు, మా పక్కన వచ్చి కూర్చుంది, అంతే. కూర్చున్నాక దానికీ పాటలు వచ్చేశాయి.

మేం అన్ని వేసవులు కాపలా కాస్తే నానమ్మ కొన్నేళ్ల తర్వాత చలికాలంలో పోయింది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి. ఐసీయూ బయట నిశ్శబ్దం పాటించమని బోర్డు ఉంది. అందరూ పాటిస్తున్నారు. ఆ వరండాలో లోపలి యంత్రాల చప్పుడు కూడా బయటికి రాదు, చెవి పెట్టడానికి ఏమీ లేదు. నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. స్రవంతి అక్క నా వైపు చూసింది, ఏదో ఒకటి అనరా అన్నట్టు. గొంతు తగ్గించి, "కింద పార్కింగ్ ఫుల్ అని రాసిండ్రక్కా," అన్నాను. అక్క నవ్వి, నవ్వుతూనే గోడ వైపు తిరిగింది. ఆ రోజు దున్నపోతుకు ఎలాగో దొరికింది.

అప్పటి నుంచి ఎక్కడ నిశ్శబ్దం కాస్త ఎక్కువసేపు నిలబడినా నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆఫీసు మీటింగుల్లో, పెళ్లిచూపుల్లో, చావు జరిగిన ఇళ్లలో కూడా. మా మేనేజర్ దీన్ని క్రమశిక్షణారాహిత్యం అంటాడు. ఆయన ఎక్స్ఛేంజిలో పనిచేయలేదు.

ఇప్పుడు నాన్న వంతు. నాన్న ఆమె చిన్న కొడుకు. మధ్యాహ్నం తలుపేసుకుని అవే గజళ్లు ఫోన్‌లో పెట్టుకుంటాడు. ఫోన్‌కు రెండో వైపు లేదు. పాట మీద పాట వస్తూనే ఉంటుంది, వినే మనిషి ఉన్నాడో లేడో దానికి పట్టదు. నాకు అదే ఎక్కువ భయం. వేసవికి స్రవంతి అక్క తన పిల్లల్ని తీసుకుని మా దగ్గరికొచ్చింది, ఆద్య, దాని తమ్ముడు. దీపం పాట రాగానే సరైన చోట ఇద్దరూ గొంతెత్తి, "పాలు పొంగుతున్నయ్, జర సూడుండ్రి" అని అరుస్తారు. నేర్పింది నేనే. తలుపు వెనక నుంచి నాన్న నవ్వు వినిపిస్తుంది. అది మా రెండో వైపు.

నిన్న ఆ చోటు రాకముందే పాట ఆగింది. కుక్కర్ టక్‌మంది. కూలర్ తిరుగుతోంది. హాల్లోకి చూస్తే పిల్లలిద్దరూ బొమ్మల్లా అయిపోయారు. అది మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. స్రవంతి అక్క సోఫాలోంచి సగం లేచింది. నా కాళ్లు తలుపు వైపు నడుస్తున్నాయి, నోరు వాటికంటే ముందు పోయింది.

"నాన్నా, మెట్రో పిల్లర్ల కింద దున్నపోతొకటి తిరుగుతుందట. పార్కింగ్ దొర్కిందా దానికి?"

జవాబు లేదు. తలుపు పిడి పట్టుకున్నాను. వెనక నుంచి ఆద్య, పాట లేకుండానే అంది: "పాలు పొంగుతున్నయ్, జర సూడుండ్రి."

లోపల మంచం కిర్రుమంది.

"సూస్త సూస్త," అన్నాడు నాన్న, నిద్రగొంతుతో. "ఫోన్ల చార్జింగ్ అయిపోయింది. నేనైతె ఉన్న. అన్నమయిందారా?"

అయింది. కుక్కర్ టక్‌మన్నాక దానంతటదే వార్మ్‌లోకి పోతుంది. స్విచ్ తీయకపోతే అడుగంటుతుంది.