పరుపనుకున్న అద్దం

మా పిన్ని పాత అద్దాలు అమ్ముతుంది. కూలగొట్టే ఇళ్లలోనూ మూసేసిన హోటళ్లలోనూ చెక్క చట్రాలున్న పెద్ద అద్దాలు కొని, విరిగిన చోట అతికి, పాలిష్ పట్టి అమ్మకానికి పెడుతుంది. ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం నా పని. నేను కాలేజీ మానేశాక నన్ను నమ్మి పని చెప్పింది పిన్ని ఒక్కతే. అద్దాన్ని ఫొటో తీయడం అనుకున్నంత తేలిక కాదు, ఎటు నిలబడ్డా మనమే పడతాం. ఒకసారి నేల మీద పడుకుని తీశాను. "మూల కనిపిస్తున్న మోకాలు కూడా ధరలో కలిపే ఉందా?" అని ఎవరో దాని కింద రాశారు.

ప్రతి ఫొటోకూ పిన్ని నాతో ఒక మాట రాయించేది. వచ్చి చూసి తీసుకెళ్లాలి, పంపడం కుదరదు. దూరపు ఊళ్లవాళ్లు బతిమాలేవారు, కొందరు తిట్టేవారు. పిన్నిది అందరికీ ఒకే జవాబు. "పంపితే మీకు చేరేది అద్దం కాదండీ, అద్దాలు."

ఆమె మొండికేయడానికి కారణం ఉంది. మొదట్లో ఒక పొడుగాటి అద్దం పంపింది. ఇంట్లో ఉన్న దుప్పట్లు, బొంతలు అన్నీ చుట్టి, పైన గోనెగుడ్డ కుట్టి, "గాజు, జాగ్రత్త" అని నాలుగు వైపులా ఎర్ర రంగుతో రాసింది. ఆ మూట లారీ ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. విప్పకముందే లోపల గలగలమంది. పిన్ని వెళ్లి అడిగితే హమాలీల మేస్త్రీ ఏమాత్రం మొహమాటపడలేదు.

"పరుపనుకున్నామమ్మా. మావాడొకడు దాని మీద కాసేపు నడుం వాల్చాడు."

"రాసుంది కదయ్యా?"

"అన్నిటి మీదా అదే రాస్తారు. చెప్పుల పెట్టెల మీద కూడా ఉంటది."

అప్పటినుంచి పంపడం మానేసింది. ఊళ్లో కొనేవాళ్లున్నంత కాలం అది చెల్లింది. ఇప్పుడు బీరువా కొంటే తలుపుకే అద్దం వస్తోంది. ఈ మధ్య మేం అమ్మినవన్నీ గోడకు తగిలించుకునే చిన్నవే, వాటితో షెడ్డు అద్దె కూడా గట్టెక్కడం లేదు. బాబాయి పోయాక పిన్ని ఆ షెడ్డు వెనక గదిలోనే ఉంటోంది. షెడ్డు పోతే ఇల్లూ పోయినట్టే.

"ఖాళీ చేసి మా ఇంటికొచ్చెయ్యవే, వెనక గది నీకే" అని మా అమ్మ ఎప్పటినుంచో అంటోంది. చెల్లెలి మీద ప్రేమతోనే అంటుంది. కానీ మా ఇంట్లో కిటికీ తెరవాలన్నా అమ్మ సరే అనాలి. ఆ సంగతి నాకు తెలుసు, పిన్నికి నాకంటే బాగా తెలుసు. "అక్క ఇంటికి చుట్టంగా ఎన్నిసార్లైనా వెళ్తాను. ఉండిపోవడమే నావల్ల కాదు" అనేది.

షెడ్డులో మిగిలిన పెద్ద వస్తువు ఒక నిలువుటద్దం. మూతపడిన నాటకశాలలోని మేకప్ గదిలోది. మనిషి కంటే ఎత్తు, చట్రం నిండా చెక్కిన ద్రాక్ష తీగలు. దాని కోసం దూరపు ఊరి నుంచి ఒక టైలరమ్మ రోజు విడిచి రోజు ఫోన్ చేసేది.

"నా కొట్లో అద్దంలో మనిషి నడుం దాకానే కనపడతాడమ్మా. కింద అంచు వంకరొచ్చిందని ఇంటికెళ్లాక ఫోన్ చేసి తిడుతున్నారు."

"అయితే వచ్చి తీసుకెళ్లండి."

"నేనొస్తే ఇక్కడ కుట్టేదెవరు? మా ఆయనా? ఆయన చొక్కా గుండీ కూడా నేనే కుట్టాలి."

పిన్ని నవ్వేది, ఒప్పుకునేది కాదు. ఒకరోజు నేనే తెగేసి చెప్పాను. "పంపకపోతే ఎలాగూ మునుగుతాం పిన్నీ."

"మునిగేది నేను. నీకేం, మీ అమ్మ ఒడ్డునే నిలబడుంది."

అన్నదే గానీ, మర్నాడు పొద్దున్నే చెక్కపెట్టె చేయిద్దాం పద అంది. కొలతలు తీసుకోవడానికి వస్తువే కావాలన్నాడు వడ్రంగి. అద్దాన్ని తోపుడు బండి మీద నిలబెట్టి, తాళ్లతో కట్టి తీసుకెళ్లాం. వీధిలో మోటారు సైకిళ్లు వాటంతటవే పక్కకు తప్పుకున్నాయి. మేం చేరేసరికి వడ్రంగి భోజనానికి వెళ్లాడు. పక్కనే ఆనాటి లారీ ఆఫీసు ఉంటే ఆ నీడలో బండి ఆపి కూర్చున్నాం.

హమాలీలు ఒక్కొక్కరే అద్దం ముందుకొచ్చారు. ఒకడు తల దువ్వుకున్నాడు, ఇంకొకడు నోరు తెరిచి పళ్లు చూసుకున్నాడు. బస్తా మోసుకొస్తున్న వాడు దాన్ని బండి పక్కనే దించబోయి, అద్దంలో తన్ను తాను చూసి ఆగాడు. బస్తా మళ్లీ సర్దుకుని అవతలి గోడ దగ్గర దించాడు.

పిన్ని వాడినే చూస్తూ కూర్చుంది. వడ్రంగి రాగానే, "పెట్టె వద్దులే. అంచులకు పట్టీలు కొట్టు చాలు, ముందువైపు మూయకు" అంది.

"నీకేమైనా పిచ్చా? అన్ని దుప్పట్లు చుట్టిందే పగిలింది" అన్నాను.

"చుట్టబట్టే పగిలింది. లోపలేముందో వాళ్లకు కనపళ్లేదు."

మేస్త్రీ కూడా వచ్చి నిలబడ్డాడు. "మావాళ్లు మొహాలు చూసుకుంటూ లోడెక్కించడం మర్చిపోతారేమోనమ్మా."

"చూసుకోనీ. చూసుకున్నంతసేపూ దాని మీద ఎవడూ పడుకోడు."

"రాయి తగిలితే?" అన్నాను.

"పగులుద్ది. పెట్టెలో పెట్టినా ఎత్తి పడేస్తే పగులుద్ది. ఏదో ఒకటి తేల్చుకోవాలిగా."

నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ సగమే కుదిరింది. అద్దాన్ని లారీలో ఒక పక్కకు ఆనించి నిలబెట్టి, అడుగున రబ్బరు వేసి కట్టారు. లారీ కదిలాక పిన్ని షెడ్డు సర్దడం మొదలుపెట్టింది. మామూలు సర్దుడు కాదు. మా ఇంటికి తెచ్చుకోగలిగినవి ఒక పక్క, తెగనమ్మాల్సినవి ఒక పక్క పెడుతోంది. అందిస్తే అందుకుంటూ నిలబడ్డాను.

ఫోన్ మోగినప్పుడు ఇంకా సగం షెడ్డు మిగిలే ఉంది.

"వచ్చిందమ్మా" అంది టైలరమ్మ.

"ఎన్ని ముక్కలు?"

"ఒక్కటే. పైన ఒక ద్రాక్ష గుత్తి విరిగింది గానీ అద్దానికేం కాలేదు. దారిలో ఎవడో దుమ్ములో వేలితో మీసం గీశాడు, సరిగ్గా మొహం ఎత్తులో. మా ఆయన చూసుకుని మురిసిపోతున్నాడు, తుడవనివ్వట్లేదు."

పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది. విరిగిన ముక్క పారేయొద్దని, దేనితో అతకాలో చెప్పి ఫోన్ పెట్టేసింది. నేను ఊపు మీదున్నాను. మొన్న ఎవరో అడిగిన గాజుపలక బల్ల కూడా పంపేద్దామన్నాను.

"అది పంపను. ఉత్త గాజులో ఎవడి మొహమూ కనపడదు. ఎవడూ ఆగడు" అంది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. వెనక గదికి రంగు వేయించాలట, ఏ రంగైతే బాగుంటుందో చెల్లెల్ని అడుగుతోంది.

"నీకు నచ్చింది వేయించి అద్దెకిచ్చుకో అక్కా. నేను ఆదివారం భోజనానికొస్తా" అంది పిన్ని.

అమ్మ రంగు మాట అక్కడితో వదిలేసింది.

"ఏం కూర చెయ్యమంటావ్?" అంది.